ఒడిలో ముడి

నాకు ముందే తెలుసని ఇప్పటికీ నమ్మేవాళ్ళు సౌదీలోని హుఫూఫ్‌లో ఒక ఇంటినిండా ఉన్నారు. నాకేమీ తెలియదు. తెలిసుంటే ఆ విమానం ఎక్కేదాన్నే కాదు. ఈ మాట అరబ్బీలో చెప్పాను, ఉర్దూలో చెప్పాను, ఏడ్చి చెప్పాను, కోపం పట్టలేక అరిచి కూడా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

మాది రాయచోటి పక్కన ఒక పల్లె. పదో తరగతి దాకా చదివాను. పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది, మొగుడు తన దారి తాను చూసుకున్నాడు. అప్పుడు మా వైపు ఆడవాళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. పిల్లను మా అక్క చేతిలో పెట్టి, ఇంటిపనికి సౌదీ వెళ్ళాను. నేను బయల్దేరేనాటికి అది గోడ పట్టుకుని నడుస్తోంది.

హుఫూఫ్‌లో నేను పనిచేసిన ఇంటికి వెనకవైపు ఖర్జూరపు తోట. యజమానిని బాబా అని, ఆయన భార్యను మేడమ్ అని పిలిచేదాన్ని. బాబా తల్లిని ఇంట్లో అందరూ యుమ్మా అనేవాళ్ళు, నాకూ అదే అలవాటయింది. నేను వెళ్ళిన ఏడాదికి వాళ్ళకు మగబిడ్డ పుట్టాడు. పుట్టిన వారం నుంచి వాడు నా ఒళ్లోనే పెరిగాడు. పాలు పట్టేది నేను, నీళ్ళు పోసేది నేను, రాత్రి లేచేది నేను. మేడమ్ మంచిదే గాని, బిడ్డ ఏడిస్తే ముందు నా ముఖం చూసేది.

ఒప్పందం పూర్తయింది. నన్ను సెలవు మీద ఇంటికి పంపాలి. వెళ్ళి రావడానికి యజమాని తీసే అనుమతిని మేమంతా ఖురూజ్ అంటాం. అది ఆయన ఇస్తేనే ఉంది, లేకపోతే నువ్వు ఎంత గింజుకున్నా విమానాశ్రయం గుమ్మం దాటలేవు. బాబా నాకు ఖురూజ్ తీశాడు, ఫోన్‌లో చూపించాడు కూడా. జెద్దాలో మేడమ్ చెల్లెలి పెళ్ళి ఉంది, అది చూసుకుని వచ్చిన వారంలో నా ప్రయాణం. అప్పటికి నా కూతురు మా అక్కను అమ్మా అంటోంది. వీడియోలో నేను కనబడితే "ఫోనమ్మా" అంటుంది. దాని తప్పేముంది? కానీ ఒక్కసారి వెళ్ళి, దాని నోట అమ్మా అనిపించుకుని వస్తే చాలనుకున్నాను. అప్పట్లో నాకు ఇంకే కోరికా లేదు.

జెద్దాలో పెళ్ళి అంటే తెల్లవార్లూ పెళ్ళే. ఆడవాళ్ళంతా లోపల పాడుతూ ఆడుతూ ఉంటే, వాళ్ళ పిల్లలందరినీ ఒక గదిలో వేసుకుని పనిమనుషులం మేము కాపలా. పగలు అయినా పడుకోనిచ్చారా అంటే అదీ లేదు. ఒక సాయంత్రం మాత్రం పెళ్ళింటి వంటామెతో కలిసి షరఫియా బజారుకు వెళ్ళి నా పిల్లకు గులాబీరంగు గౌను కొన్నాను. కొలత తెలియక, అంగడి ముందు నిలబడ్డ ఎవరి బిడ్డనో చూసి తీసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం దమ్మామ్‌కు విమానం. అక్కడినుంచి కారులో హుఫూఫ్. ముందు వరసలో బాబా, మేడమ్. వాళ్ళ వెనక కిటికీ పక్కన నేను, నా ఒళ్లో చంటోడు. విమానం లేచేటప్పుడు బిడ్డకని చిన్న బెల్టు ఇచ్చారు. పైకి వెళ్ళాక బెల్టు దీపం ఆరిపోయింది. వాడు గునుస్తుంటే వాడి బెల్టు తీసేశాను, నాది మాత్రం ఉంచుకున్నాను. తీయడం సరిగ్గా రాక ఉంచుకున్నానంటే నవ్వకండి.

నా దగ్గర ఎప్పుడూ ఒక పాత నూలుచీర ముక్క ఉండేది. మా వైపు చెనిక్కాయ చేలల్లో పనికి పోయే ఆడవాళ్ళు, ఎండవేళ కునుకు తీయాలంటే చంటిపిల్లను అలాంటి గుడ్డతో కడుపుకు కట్టుకుంటారు. ముడి నడుము పక్కన పడుతుంది. తల్లి నిద్రపోయినా బిడ్డ దొర్లిపోదు. నా కూతుర్ని అలాగే పెంచాను, చంటోణ్ణి అలాగే పెంచుతున్నాను. ఆ రోజు నిద్ర ముంచుకొస్తోంది, కట్టుకున్నాను. అంతకుమించి నాకు గుర్తులేదు. ముడి బిగించినట్టు చేతులకు తెలుసు గాని, కళ్ళతో చూసిన గుర్తు లేదు.

"లేష్?" అన్న మాట చెవిన పడి కళ్ళు తెరిచాను. మేడమ్ పాలసీసా ఇవ్వడానికి సీటు మీద మోకాళ్ళతో వెనక్కి తిరిగి ఉంది. ఆమె చూపు నా నడుము పక్కనున్న ముడి మీద ఉంది. లేష్ అంటే ఎందుకు అని. జవాబు చెప్పబోయాను. అప్పుడే నా ఒళ్లో బిడ్డకు బరువు లేకుండా పోయింది.

మొట్టమొదట నాకు తెలిసింది అదే. చప్పుడు తర్వాత వచ్చింది. కిటికీ బయట మబ్బు తునక లేదు, రెక్క మీద ఎండ మెరుస్తోంది. లోపల పాలసీసా మా ఇద్దరి మధ్య గాలిలో నిలబడింది. ఎవరిదో చెప్పు, ఒక జపమాల, కాఫీ కప్పులు, అన్నీ తొందర లేనట్టు పైకి పోతున్నాయి. మేడమ్ కూడా లేచింది. నల్ల అబాయా విచ్చుకుని, చేతులు వేలాడేసి, నన్నే చూస్తూ పైకి పోయింది. ఆమె ముఖంలోకి భయం ఇంకా రాలేదు. ఆ ఎందుకు అన్న ప్రశ్నే ఉంది. చంటోడు చీరముక్క బిగిసేదాకా లేచి, ఉయ్యాలలో ఉన్నట్టు నా గడ్డం దగ్గర ఆగాడు. ఆగి నవ్వాడు. నన్ను చూసి కాదు, పైకప్పు వైపు చూసి నవ్వాడు.

ఆ తర్వాత పైనున్నవన్నీ ఒక్కసారిగా కిందపడ్డాయి. మనుషులు మనుషుల మీద పడ్డారు. అప్పుడు లేచింది ఏడుపు, కల్మా, అమ్మలను పిలవడం. మళ్ళీ ఒకటి రెండుసార్లు విమానం ఎవరో విదిలించినట్టు ఊగి, ఏమీ ఎరగనట్టు నెమ్మదించింది. మేడమ్ నడవలో బోర్లా పడి ఉంది, నుదురు చిట్లి కనుబొమ్మ మీదుగా రక్తం కారుతోంది. బాబా మణికట్టు వాచిపోయింది. మాలో గీత పడనిది చంటోడికి ఒక్కడికే. విమానం నిండా పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే వాడు మాత్రం కిక్కురుమనకుండా పైకే చూస్తున్నాడు. నేనూ చూశాను. పగిలిన ప్లాస్టిక్ మూత ఒకటి వేలాడుతోంది, అంతకుమించి ఏమీ లేదు.

దమ్మామ్‌లో దిగాక మేడమ్‌కు కుట్లు వేయించారు. ఇంటి డ్రైవరు కారు తెచ్చాడు. ఆయన నిజామాబాద్ మనిషి, నాకన్నా పెద్దవాడు. నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను. దారి పొడుగునా మేడమ్ కట్టు కిందనుంచి నన్ను చూస్తూనే ఉంది. బాబా ఫోన్‌లో ఏదో చదివి, ఇది మబ్బులేని చోట పుట్టే గాలి అట, కనబడదట, విమానంలోని యంత్రాలకు కూడా దొరకదట అని చెప్పాడు. చెప్పి అద్దంలోంచి నా వైపు చూశాడు. యంత్రాలకు తెలియనిది పనిమనిషికి ఎలా తెలిసింది అని నోటితో అడగలేదు. అడిగి ఉంటే ఆరోజే తేలిపోయేది.

ఆ రోజు నుంచి చంటోడు నేను ఒంటికి కట్టుకుంటే తప్ప పడుకోలేదు. ముడి విప్పితే కళ్ళు తెరుస్తాడు. పైకప్పులో ఒక మూల ఎంచుకుని దాన్నే చూస్తాడు, చూసి చూసి నవ్వుతాడు. ఏడిస్తే ఎవరికైనా అర్థమవుతుంది, నవ్వితే ఏం చేయాలి? ముందుగదిలో పడుకోబెట్టినా, యుమ్మా గదిలో పడుకోబెట్టినా అంతే. పోను పోను ఇంట్లో ఎవరు ఏ గదిలోకి వచ్చినా ముందు పైకి చూసేవాళ్ళు. వంటగదిలో గిన్నెలు కడుగుతూ నేనూ చూసేదాన్ని. భయమేసేది, నిజమే చెబుతున్నాను.

అప్పుడు నేను మా వైపు ఏ ఆడమనిషైనా చేసే పని చేశాను. మా ఇంట్లో నమాజూ ఉంది, ముడుపూ ఉంది. బిడ్డకు గండం గడిస్తే, పసుపుగుడ్డలో ఒక నాణెం పెట్టి, మూడు ముళ్ళు వేసి, దర్గాలో చక్కెర చదివిస్తామని మొక్కుకుంటాం. మొక్కు తీరేదాకా ఆ ముడి విప్పకూడదు. విప్పితే ఎవరికోసం కట్టామో వాళ్ళకే కీడు. వంటగదిలో పసుపు ఉంది. నా తెల్ల రుమాలు ఆ పసుపునీళ్ళలో తడిపి ఆరేసి, ఒక రియాల్ నాణెం పెట్టి, మా ఊరి దర్గాను తలుచుకుని కట్టాను. ఇంట్లో అయితే గూట్లో పెడతాం. ఇక్కడ గూడు ఎక్కడిది? చంటోడి పరుపు కింద పెట్టాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

మేడమ్‌కు అది దుప్పటి మార్చేటప్పుడు దొరికింది. చేత్తో ముట్టుకోలేదు. పొయ్యిలో బొగ్గులు తీసే పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెంలో వేసి, ముందుగది మధ్యలో పెట్టింది. "ఎవరు కట్టారు?" అని అడిగింది. నేనే అన్నాను. "ఎవరికి?" అంది. చంటోడికి అన్నాను. ఆ రెండు జవాబులతో నా పని అయిపోయింది. బాబా నోట సిహర్ అన్న మాట వచ్చింది. ఆ మాటంటే ఏమిటో ఆ దేశంలో పనిచేసే ప్రతి ఆడదానికీ తెలుసు. చేతబడి. ఆయన అక్కడే నిలబడి ఫోన్ తీసి నా ఖురూజ్ రద్దు చేశాడు.

నేను పెరట్లోకి వచ్చి కూలబడితే డ్రైవరన్న నీళ్ళ బాటిల్ ఇచ్చాడు.

"గట్లెందుకు జేసినవ్ చెల్లె? గీ దేశంల ముడి అంటే వేరే లెక్క. ముడులేసి ఊదెటోళ్ళు జాదూ జేస్తరని వీళ్ళ నమ్మకం. పోలీసోళ్ళ దాంక పోతే నిన్నెవ్వరు ఇడిపియ్యలేరు."

"నేనేం ఊదినానన్నా? బిడ్డ బాగుండాలని కట్టినా. మన పక్క కట్టరా?"

"మన పక్క కడ్తరు. ఇది మన పక్క కాదు." ఆయన గొంతు తగ్గించాడు. "నిజం జెప్పు. ఇమానంల నీకు ముందే ఎర్కైందా?"

నాకు తిక్క రేగింది. "నువ్వు గూడానా! నిద్రొస్చాంటే కట్టుకొంటినన్నా. పెళ్ళిలో ఆ రెండు దినాలు నాకు కన్ను మూత పడలా. నిద్రకు గూడా సాక్షులు కావాల్నా?"

ఆయన నేను తాగిన బాటిల్‌ను తీసుకుని తన సంచిలో పెట్టుకోలేదు, గోడ పక్కన వదిలేసి వెళ్ళాడు. నేను చూశాను.

మర్నాడు ఖురాన్ ఆయత్‌లు చదివి దోషాలు పోగొట్టే పెద్దమనిషిని పిలిచారు. గడ్డం నెరిసినవాడు, నెమ్మదైన గొంతు. మగవాళ్ళ గదికీ మాకూ మధ్య తెర. నేను, మేడమ్, ఒళ్లో చంటోడితో యుమ్మా తెరకు ఇవతల కూర్చున్నాం. ఆయన నన్ను కసరలేదు, తిట్టలేదు. ముడి వేసినవాళ్ళే విప్పాలి, అమ్మాయి అందరి ముందూ విప్పితే నేను చదువుతాను, దాంతో ఈ ఇంటికీ ఆమెకూ విడుదల అన్నాడు. బాబా తెర అవతలినుంచి, విప్పితే ఖురూజ్ మళ్ళీ తీస్తానన్నాడు.

పళ్ళెం నా ముందుకు జరిపారు. మూడు ముళ్ళు. విప్పితే నేను ఇంటికి పోతాను, నా కూతురు దగ్గరికి. విప్పితే మొక్కు చెడుతుంది, చంటోడికి కీడు. వాడు యుమ్మా ఒళ్లోంచి పైకి చూస్తున్నాడు. నేను చేయి చాపాను, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. నా చేయి వెనక్కి రావడమే నేను తప్పు ఒప్పుకున్నట్టయింది వాళ్ళకు. నా కూతురి ముఖం తలుచుకుని ఇంకోసారి చేయి చాపాను. వేళ్ళు ముడి దాకా వెళ్ళి ఆగిపోయాయి. వాళ్ళ బిడ్డ కోసం నా బిడ్డను వదులుకుంటున్నానే అని నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా విప్పలేకపోయాను.

"విప్పను," అన్నాను. "విప్పితే వీడికి మంచిది కాదు."

తెర అవతల బాబా లేచిన చప్పుడయింది. అప్పుడు యుమ్మా నోరు తెరిచింది.

"ఎక్కడ విప్పాలి?" అని అడిగింది నన్ను.

మా ఊరి దర్గాలో అని చెప్పాను. చక్కెర చదివించి, ఆ నాణెం అక్కడ వేసి, అప్పుడు విప్పాలని చెప్పాను.

"అయితే ఇది ఈ ఇంట్లో ఎందుకుంది?" అంది ఆమె కొడుకుతో. "ఎక్కడ విప్పాలో అక్కడికి పోనీ. దీన్నీ ముడినీ కలిపి పంపించు." అది నా మీద జాలితో అన్న మాట కాదు. నన్ను చూడకుండానే అంది. చంటోడి కళ్ళకు తన ముసుగు అంచు అడ్డం పెట్టి అంది.

మేడమ్ ఒకటే షరతు పెట్టింది. విప్పేటప్పుడు తను వీడియోలో చూడాలి. బాబా ఖురూజ్ తీశాడు. నేను బయల్దేరేటప్పుడు చంటోణ్ణి చూడనివ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి వాడి ఏడుపు వినిపిస్తుందేమోనని విన్నాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

ఇంటికి చేరాను. విమానం నెమ్మదిగానే తీసుకొచ్చింది, నేను మాత్రం దారంతా ముడుపును గుప్పిట్లో పట్టుకుని సీటు చేతిని వదల్లేదు. నా కూతురు "ఫోనమ్మ వచ్చింది" అని అరిచి మా అక్క వెనక దాక్కుంది. గులాబీ గౌను పొట్టిదయింది. మా అక్క జరిగిందంతా విని, "నువ్వు ముడుపు కడితివి సరే, వాళ్ళ పరుపు కింద ఎవురు పెట్టమనిరే నిన్ను?" అని నెత్తిన మొట్టింది. ఎన్నాళ్ళకో నేను నవ్వాను.

గురువారం మధ్యాహ్నం దర్గాకు వెళ్ళాం. చక్కెర చదివించాక ఫోన్ కలిపాను. మేడమ్ ఒక్కతే ఉంది, ఒళ్లో చంటోడు. నుదుటి మీద కుట్ల గీత ఎర్రగా ఉంది. మూడు ముళ్ళూ ఒక్కొక్కటిగా విప్పి, పసుపుగుడ్డ పరిచి నాణెం చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. తన దేశపు నాణెమే అది, ఇంకేముంది చూడటానికి.

"వాడు పడుకుంటున్నాడా?" అని అడిగాను.

"నువ్వు వెళ్ళిన రోజు నుంచి ఎవరి ఒళ్లోనైనా పడుకుంటున్నాడు. పైకి చూడటం మానేశాడు." చంటోడు బొటనవేలు నోట్లో పెట్టుకుని ఆమె గాజులతో ఆడుకుంటున్నాడు. నాకు సంతోషమేసింది, కొంచెం ఏడుపూ వచ్చింది. అప్పుడామె మళ్ళీ అదే మాట అడిగింది. "లేష్? ఎందుకు కట్టావు వాణ్ణి?"

"నిద్రొచ్చింది మేడమ్. నిద్రపోయే ముందు కట్టుకున్నాను. అల్లా మీద ఒట్టు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను తిరిగేసరికే నువ్వు నిద్రలో ఉన్నావు. నోరు తెరుచుకుని గురక పెడుతున్నావు. నీ చేతులు మాత్రం కదులుతున్నాయి. అవి ముడి వేస్తుంటే చూశాను. అందుకే అడిగాను."

"ఆ రోజు ఆ పెద్దాయన ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను పంపేవాళ్ళు కాదు," అంది. "నా బిడ్డ నీ వల్ల బతికాడు." నన్ను మళ్ళీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. ఫోన్ పెట్టేసింది.

నిద్రలో చేతులు అలవాటైన పని చేస్తాయి, దాంట్లో వింతేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. మా అక్క నిద్రలో రొట్టెలు ఒత్తుతుంది. చేలల్లో ఆడవాళ్ళు నిద్రలో కాయలు వలుస్తారు. అలా చెప్పుకుంటూ కొన్నాళ్ళు హాయిగానే ఉన్నాను. పిల్ల మెల్లగా నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ముందు నా గాజులు, తర్వాత నా జడ, ఆ తర్వాత నా ఒడి.

మొన్న మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను. పిల్ల నా ఒళ్లో పడుకుంది. ఎండ వాకిట్లో దండిగా ఉంది, గాలి లేదు. ఎప్పుడు కన్ను అంటుకుందో తెలియదు. ఏదో పెనుగులాడుతున్నట్టయి లేచాను. నా పమిట చెంగు పిల్ల నడుం చుట్టూ తిరిగి, నా పక్కన బిగించి ముడి వేసి ఉంది. నేను వేసిన గుర్తు లేదు.

"అమ్మా, ఇప్పు," అంది పిల్ల.

అమ్మా అంది. మా అక్క వాకిట్లో కూడా లేదు, నన్నే అంది. అన్నాళ్ళూ దేనికోసం ఏడ్చానో అది నా చెవిన పడింది. నేను పైకి, దూలాల వైపు చూశాను. ఏమీ లేదు.

"కొంచేపు ఉండమ్మా," అన్నాను. ముడి విప్పలేదు. ఒక చేత్తో దాన్ని అదుముకుని, ఇంకో చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.